చేతుల్లేని అమ్మవారు

ఆ రోజు పొద్దున్న కుసుమకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేయాలి, ఇంత చద్దన్నం తినాలి, ప్లాస్టర్ బొమ్మను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి వైవా వేళకి విజయనగరంలో కాలేజీ చేరాలి. కళింగపట్నం దగ్గర చేపలవాళ్ల ఊళ్లో పుట్టి, ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పకళలో ఎం.ఏ. చదువుతున్న పిల్ల ఆమె ఒక్కతే. అదేం చదువో ఊరికి చెప్పడం ఆమె రెండేళ్ల క్రితమే మానేసింది.

బొమ్మ చంటిపిల్లంత ఉంటుంది. అఫ్రొడైటీ అనే గ్రీకు దేవత విగ్రహానికి నకలు. అసలు విగ్రహానికే చేతులు విరిగిపోయాయి గనక నకలుకీ లేవు. చూసి గీసుకోవడానికని డిపార్ట్‌మెంట్ నుంచి ఇంటికి తెచ్చుకుంది. ఇచ్చేటప్పుడే హెడ్డు మురళీమోహన్ గారు, "వైవా రోజున ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఇది ఉండాలి. లేకపోతే నీకు డిగ్రీ లేదు," అని గట్టిగా చెప్పారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చి చూస్తే మంచం కింద బొమ్మ లేదు.

"అమ్మా, నా బొమ్మేదే?"

"సముద్రంలో కలిపీమని మీ అయ్యకిచ్చీసినాను," అంది లక్ష్మణమ్మ తాపీగా. "సేతులిరిగిపోయిన బొమ్మని ఇంట్లో ఎట్టుకుంటారేటే? అదొచ్చిన కాడ్నించీ మీ అయ్య వలలో రొయ్యపిల్లైనా పడ్నేదు."

విరిగిన విగ్రహం ఇంట్లో ఉండకూడదు, నీళ్లలో కలిపేయాలి. అది అందరికీ తెలిసిన ఆచారం, తల్లిని తప్పుపట్టడానికి లేదు. కానీ ప్లాస్టర్ ఉప్పునీళ్లలో ఎంతసేపుంటుంది? కుసుమ తండ్రికి ఫోన్ చేస్తే బియ్యం డబ్బా మీద మోగింది. తడిసిపోతుందని నూకయ్య ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళతాడు.

తడిజుట్టుతోనే ఒడ్డుకి పరుగెత్తింది. పడవలు అప్పటికే కెరటాలు దాటేశాయి. మేనబావ నాగబాబు మాత్రం ఇంజను తెప్ప దగ్గర వల సర్దుకుంటున్నాడు.

"బావా, అయ్యనాపు! ఆ బొమ్మ నీళ్లలో ఏసీసినాడంటే నా సదువూ నీళ్లలోనే!"

"ఏడవకే. ఇప్పుడే ఎల్లొస్తాను," అని నాగబాబు తెప్ప తోశాడు.

వెళ్లాడు గానీ, ఇంజన్ల హోరులో అతని కేక ఎవరికీ వినబడలేదు. మావయ్య బొమ్మను రెండు చేతులా ఎత్తడం దూరాన్నుంచే కనిపించింది. నాగబాబు కంగారుగా భుజం మీది తువ్వాలు తీసి గాల్లో గిరగిరా తిప్పాడు. ఆ ఊరివాళ్లకి సముద్రం మీద తువ్వాలు తిప్పితే ఒకటే అర్థం. చేపల మంద కనిపించింది, రండి అని. నూకయ్య బొమ్మను పడవ ముందుకొమ్ము దగ్గర దింపేసి ఇంజను ఇటు తిప్పాడు. చుట్టుపక్కల పడవలన్నీ తిరిగాయి. కాదు, కాదు అన్నట్టు నాగబాబు తువ్వాలు ఇంకా జోరుగా తిప్పాడు. అబ్బో పెద్ద మందే అనుకుని అందరూ అక్కడే వలలు వేసేశారు.

ఒడ్డునున్న కుసుమకి పడవలన్నీ ఒకచోట గుమిగూడడం కనిపించింది. బొమ్మను కలిపేస్తున్నారనుకుని ఇసుకలో కూలబడి ఏడ్చింది. చదువుకోసం తండ్రి పడ్డ తిప్పలన్నీ గుర్తొచ్చాయి.

తీరా చూస్తే ఆ చోట నిజంగానే చేపలున్నాయి. పడవలు మునిగేంత బరువుతో తిరిగొచ్చాయి. నూకయ్య పడవ ముందు అఫ్రొడైటీ చెక్కుచెదరకుండా ఉంది. కుసుమ చెయ్యి చాపేలోపే, ఈ చేపలన్నీ అమ్మోరి చలవేనంటూ ఆడవాళ్లు చుట్టుముట్టారు. బొమ్మకి పసుపు రాశారు, కుంకం పెట్టారు, ఎర్రచీర చుట్టారు.

"సీర కట్టినాక సేతులున్నాయో నేవో ఎవులికి తెలుస్తాది?" అంది లక్ష్మణమ్మ. పొద్దున్న ఆ బొమ్మను గెంటేసింది తానే అన్న సంగతి ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

"అమ్మా, అది అమ్మోరు కాదే!"

"మరెవులమ్మా?" అని అడిగాడు ఊరిపెద్ద జగన్నాధం.

చదువుకున్న పిల్ల అబద్ధమాడలేకపోయింది. "గ్రీకువోళ్ల దేవత."

"దేవతేనంతన్నావు కదా. ఎక్కడ పుట్టినాదేటి?"

"సముద్రం నురగలోంచి," అని నోరుజారి, నాలిక కరుచుకుంది.

ఒడ్డున ఉన్నవాళ్లందరూ దండం పెట్టారు. ఇక బొమ్మ ఉండేది తమ గుడిలోనే, ఊరు దాటించేది లేదన్నారు. కుసుమ కాళ్లావేళ్లా పడితే జగన్నాధం ఒక మెట్టు దిగాడు. అమ్మవారు ఒంటరిగా వెళ్లకూడదు, మేళంతో వెళ్లి మేళంతో తిరిగి రావాలి. చేసేదిలేక కుసుమ అమ్మవారితో, డప్పులవాళ్లతో, సగం ఊరితో ఐసు పెట్టెల వ్యానెక్కింది.

వైవా మొదలయ్యే వేళకి కాలేజీ వరండాలో డప్పులు మోగాయి. మురళీమోహన్ గారు బయటికొచ్చి, పసుపు కారుతున్న తన బొమ్మను చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆయన వెనకాలే ఎక్స్‌టర్నల్ సుభద్ర గారు వచ్చారు. నవ్వడం ఎవరూ చూడని మనిషి. చీర కొంగు పైకెత్తి చూశారు, పసుపు వేలితో తాకి చూశారు. డప్పులవాళ్లు కూడా వాయించడం ఆపేశారు.

"గ్రీకులు కొన్ని పండుగల్లో విగ్రహాలకి స్నానం చేయించి, బట్టలు కట్టి ఊరేగించేవారు," అన్నారావిడ నెమ్మదిగా. "ఇన్నేళ్లుగా పుస్తకాల్లో చదువుతున్నాను, కళ్లారా చూపించినవాళ్లు లేరు. ఈ ఆలోచన ఎవరిది?"

కుసుమ నోరు తెరిచేలోపే మురళీమోహన్ గారు ముందుకొచ్చారు. "నాదేనండీ! ప్రాక్టికల్‌గా చేయించాలని ఆ ఊరివాళ్లతో నేనే మాట్లాడి పెట్టాను."

"బాగుంది. మరి ఊరేగింపు అయ్యాక విగ్రహం ఎక్కడికి వెళుతుంది?"

"తిరిగి గుడికేనండీ! ఊళ్లో వాళ్ల గుడికే. అదే కదా పద్ధతి," అన్నారాయన, పొగడ్త ఎక్కడ జారిపోతుందో అన్న తొందరలో.

ఆ మాట గుమ్మంలో ఉన్న జగన్నాధం చెవిన పడింది. "ఇన్నారా? బాబుగారే అమ్మోర్ని మన గుడికిచ్చీసినారు!" అంటూ ఆయన కాళ్ల దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. డప్పులు దద్దరిల్లాయి. హెడ్డు గారు ఏదో అంటున్నారు గానీ ఎవరికీ వినబడలేదు. సుభద్ర గారు మాత్రం తన జీవితంలో మొదటిసారి పూర్తి మార్కులు వేశారు, అదీ కుసుమకి.

ఇప్పుడు గ్రీకు శిల్పం పాఠం చెప్పాలంటే మురళీమోహన్ గారు క్లాసు మొత్తాన్ని బస్సెక్కించి, గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పించి, అభిషేకం అయ్యేదాకా వరసలో నిలబడాలి.