మఠంలో ఒకే ఒక్క ఆరోగ్యవంతుడు

ఫ్రాన్సు దేశపు బర్గండీలోని మా మఠంలో నియమపాలన నిష్కళంకంగా సాగుతున్నదని సమస్త జనులకూ తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. నాలుగు కాళ్ల జంతువు మాంసం సన్యాసి ముట్టరాదు, రోగికి మాత్రం మినహాయింపు అని మా నియమావళి. అందులో ఒక్క అక్షరం కూడా మేము మీరలేదు. కాకపోతే దైవానుగ్రహం వల్ల అందరం రోగులమయ్యాం.

రోగుల శాలలో పొద్దస్తమానం పంది తొడలు కాలుతుంటాయి. వైద్యానికి తోడు ఆవపిండి ముద్ద, ద్రాక్షసారా. మఠాధిపతి ఆన్సెజిస్ గారి ఒంటికి లేత గొర్రెపిల్ల తప్ప ఏ మందూ పడదు.

భోజనశాలలో మాత్రం ఎవ్రార్ అనే ముసలి సన్యాసి ఒక్కడే కూర్చుని ఉడికించిన చిక్కుడు గింజలు తినేవాడు. ఎవరో ఒకరు తినకపోతే నియమం ఉన్నట్టు లోకానికి ఎలా తెలుస్తుంది? పాపం, అతనికి నెత్తురు పడే దగ్గు. గింజలు గొంతు దిగేవి కావు. ఒకనాడు రోగుల శాల గుమ్మం దాకా వచ్చాడు.

"ఫాదర్, ఇంత మాంసం పులుసు పోయించండి. నిలబడలేకపోతున్నా."

"అదేంటయ్యా ఎవ్రార్! నువ్వూ పడుకుంటే మఠం పరువేం కాను?" అన్నారు మఠాధిపతి ఎముక చీకుతూ. "మాకైతే జబ్బులు. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు!"

ఇంతలో సంస్కరణ వచ్చింది. బిషప్ గారు పంపిన పర్యవేక్షకులు గీషార్ గారు మా వాకిట్లో గుర్రం దిగారు. మఠాలను కడిగి ఆరేసే మనిషని ఆయనకు పేరు. కిటకిటలాడుతున్న రోగుల శాలను చూసి ఉగ్రులై, సభ చేర్చి ఉపన్యసించారు. "సోదరులారా! నడవగలిగినవాడు రోగి కాడు. నేటి నుంచి తన కాళ్లతో వచ్చినవాడికి రోగుల శాలలో మాంసం లేదు!"

ఆ సంస్కరణను మేము ఆనందబాష్పాలతో స్వాగతించాం. మర్నాటి నుంచి పనివాళ్లు మమ్మల్ని రోగుల శాలకు మోసుకెళ్లసాగారు. మఠాధిపతి గారికి నలుగురు కావలసి వచ్చారు. మోసేవాళ్లంతా మా దగ్గరే ఉండటంతో ఎవ్రార్ గోడ పట్టుకుని తనంతట తానే వచ్చాడు.

"వెనక్కి పో! నడుస్తున్నావుగా!" అన్నారు గీషార్ గారు.

"పడిపోతానండీ."

"పడ్డాక చూద్దాంలే."

ప్రయాణపు బడలికతో గీషార్ గారు కూడా ఆ సాయంత్రమే మంచమెక్కారు. పంది తొడ పెట్టి చూశాం. గుణం కనిపించింది.

ఈస్టర్ రాకముందే ఎవ్రార్ గింజల గిన్నె ముందు తల వాల్చేశాడు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. పులుసు చల్లారిపోతోందని కేకేస్తే లోపలికి వెళ్లాను.

సమాధి దగ్గర గీషార్ గారి గొంతు ఖంగుమంది. "సంస్కరణ ఫలితం చూశారా? రోగుల శాలలో ఒక్క ప్రాణం పోలేదు. పోయినవాడు ఆరోగ్యవంతుడు!" అందరం ఆమెన్ అన్నాం.

ఇప్పుడు భోజనశాలలో కూర్చుని నియమాన్ని నిలబెట్టే మనిషి కోసం వెతుకుతున్నాం. నవ్వకండి. మీ ఊళ్లోనూ చట్టాలున్నాయిగా. అందరి తరఫునా వాటిని పాటిస్తున్నవాడు ఈ పూట ఏం తిన్నాడో మీకేమైనా తెలుసా?