మా వంటింటి బల్ల మీద నిర్భయ సంస్కృతి

కంపెనీలో పెద్దాయన మారితే కింది వాళ్ల స్వభావాలన్నీ సోమవారం పొద్దున్నే మారిపోవాలి. ఇది సృష్టి ధర్మం. ఐదో తరగతి దగ్గరే బడి మానేసినా ఈ మాట ఘంటాపథంగా చెప్పగలను. ఎందుకంటే మా మనవరాలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, దాని కంపెనీ నడిచేది మా వంటింటి బల్ల మీదే.

పాతాయన ఉన్నన్నాళ్లూ తప్పు చేసినవాళ్లను అందరి ముందూ కడిగిపారేసేవాడు. అందుకే అక్కడ ఎవరూ తప్పు చేసి ఎరగరు. (వాళ్ల సాఫ్ట్‌వేర్ పనిచేసేది కాదు, అది వేరే సంగతి.) కొత్తాయన వస్తూనే ‘నిర్భయ సంస్కృతి’ ప్రకటించాడు. ప్రతివాళ్లూ వారానికో తప్పు ఒప్పుకోవాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఇందుకోసం తప్పుల విభాగాధిపతి అని ఒకావిడను కూడా వేశారు. తప్పు చెప్పనివాళ్లు ఏదో దాస్తున్నట్టే లెక్క. వాళ్లను ఉద్యోగంలో ఉంచరు.

మా పిల్లకు వచ్చిన గండం అదే. చేసిన పని మళ్లీ మళ్లీ సరిచూసుకునే దరిద్రపు అలవాటు దానిది.

“అమ్మమ్మా, ఈసారి కూడా ఏమీ చెప్పకపోతే నన్ను పంపించేస్తారు,” అంది ఏడుపు మొహం పెట్టి.

“ఓసి పిచ్చిదానా, మనింట్లో తప్పులకు కరువా! నేనిస్తాను, పట్టు.”

తీరా మీటింగు మొదలయ్యాక అది నోరు తెరిచేలోపే నేను ల్యాప్‌టాప్ కెమెరా ముందు కూర్చున్నాను. (చెప్పడం మొదలుపెడితే నన్ను ఆపినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు.) పక్కింటావిడతో కబుర్లలో పడి పాలగిన్నె మాడ్చిన దగ్గర్నుంచి, ఒకరి పెళ్లికని బయల్దేరి ఇంకెవరి పెళ్లిలోనో భోంచేసి, ఫొటో కూడా దిగి వచ్చినదాకా పూస గుచ్చినట్టు చెప్పాను. విభాగాధిపతి కళ్లు తుడుచుకుంది.

“ఇన్ని చేసి మీకెప్పుడూ సిగ్గనిపించలేదా, మామ్మగారూ?” అన్నాడు కొత్తాయన.

“సిగ్గెందుకు నాయనా? సర్దుకునేది ఎప్పుడూ పక్కవాళ్లేగా!”

ఆయన లేచి నిలబడ్డాడు. “చూశారా, నాయకత్వమంటే ఇదీ!”

అక్కడికక్కడే నన్ను తప్పుల సలహాదారుగా నియమించారు. సొంత తప్పు ఒక్కటీ లేనందుకు మా పిల్లను సాయంత్రానికల్లా తీసేశారు. అది ల్యాప్‌టాప్ శుభ్రంగా తుడిచి, నాకెలా తెరవాలో నేర్పి, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

నాకు మాత్రం బాధ లేదా? వచ్చే మీటింగులో దాని ఉద్యోగం ఊడగొట్టింది నేనేనని అందరి ముందూ ఒప్పుకుంటాను. చప్పట్లు బాగా పడతాయని విభాగాధిపతి ఇప్పటికే మాటిచ్చింది.