ఇల్లాలికి సెలవివ్వాలంటే బార్బెక్యూ పెట్టండి!

ఇల్లాలికి విశ్రాంతి ఇవ్వాలని మీకు నిజంగా ఉందా? అయితే మిక్సీలు, వాషింగ్ మెషీన్లు పక్కన పెట్టండి. మే నెలలో, ఎండ నలభై ఐదు డిగ్రీలు దాటిన ఆదివారం చూసుకుని, వాకిట్లో ఒక బార్బెక్యూ పెట్టండి. ఆడవాళ్ల కష్టాలు తీర్చడానికి ఇంతకు మించిన పరికరం ఇంకా పుట్టలేదు!

నమ్మరా? గోదావరి పక్కన బొగ్గుగనుల కాలనీలో ఉన్న అంజి క్వార్టర్‌కు వెళ్దాం పదండి. అంజి భూగర్భ గనిలో పని చేస్తాడు. వారానికో షిఫ్టు. మొదటి షిఫ్టయితే భార్య జ్యోతిరాణి నాలుగింటికే లేచి టిఫిన్ డబ్బా కట్టాలి. రెండో షిఫ్టయితే అతను వచ్చేదాకా మేలుకుని అన్నం వేడి చేయాలి. అతనికి షిఫ్టులు మారతాయి, ఆమెకు మాత్రం రోజూ మూడు షిఫ్టులూ ఉంటాయి. అందుకే ఆమెకు ఎప్పటినుంచో ఒక్కటే కోరిక. ఒక్క ఆదివారం కూలర్ ముందు కాళ్లు చాపుకుని, ఎవరూ పిలవకుండా కడుపునిండా నిద్రపోవాలి.

ఆ కోరిక తీర్చడానికే అంజి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి మూడు కాళ్ల బార్బెక్యూ పొయ్యి తెప్పించాడు.

"గీ ఆదివారం నువ్వు వంటింట్ల అడుగు పెట్టకు," అన్నాడు. "మేమే కాలుస్తం, మేమే తింటం, మేమే కడుగుతం. నువ్వు జర పండుకో."

జ్యోతిరాణికి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. పెళ్లయిన పన్నెండేళ్లలో అతని నోట ఇలాంటి మాట వినలేదు మరి.

ఆదివారం పొద్దున్నే లేచి కూలర్ నిండా నీళ్లు పోసుకుంది. ఇక ఆమె చేయాల్సింది ఏమీ లేదు. నాలుగు కిలోల చికెన్ కడగడం, అల్లం ఎల్లిగడ్డ దంచడం, పెరుగూ మసాలా పట్టించడం, ఉల్లిగడ్డలు చక్రాలుగా కోయడం, పుదీనా చట్నీ నూరడం... ఇవన్నీ వంట కిందికి వస్తాయా ఎక్కడైనా? వాకిలి ఊడ్చి, పక్కిళ్లలో కుర్చీలు అడిగి తేవడం అసలే రాదు!

మధ్యాహ్నం రెండింటికి ఆమె కూలర్ ముందు నడుం వాల్చింది. రెండుంబావుకు అంజి వచ్చి కూలర్‌ను వాకిట్లోకి తోసుకుపోయాడు. పాపం, అతని తప్పేముంది? నిప్పు ముందు నిలబడేవాళ్లకు గాలి ఆడొద్దూ!

నాలుగింటికి గనిలో అంజితో పనిచేసే ఏడుగురు వచ్చారు. బొగ్గు పాకెట్ విప్పారు. అంజి తండ్రి ఎల్లేశం ఆ గనిలోనే ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన మనిషి. మంచం మీద కూర్చుని ఆ పాకెట్‌ను ఎగాదిగా చూశాడు.

"సుట్టూ బొగ్గు పెట్టుకొని బొగ్గు కొనుక్కొచ్చిండ్రా?"

"గది వేరే బాపు. గిది కట్టె బొగ్గు, చికెన్ కోసం."

"కోడికో బొగ్గు, మనిషికో బొగ్గా!"

అరగంటైనా బొగ్గు అంటుకోలేదు. ఎనిమిది మంది బొగ్గుగని కార్మికులు, ఒక్క పొయ్యి! నవ్వకండి. వాళ్ల ఉద్యోగమే బొగ్గు అంటుకోకుండా చూసుకోవడం. లోపలికి దిగే ముందు అగ్గిపెట్టె ఉందేమోనని జేబులు తడిమి పంపుతారు. అలాంటివాళ్లకు బొగ్గు రాజేయడం ఎవరు నేర్పారు చెప్పండి? కూలర్‌ను పొయ్యి వైపు తిప్పితే గాలితో పాటు నీటి తుంపర్లు కూడా పడ్డాయి. చివరికి అంజి వంటింట్లోంచి మంచినూనె పాకెట్ తెచ్చి గుమ్మరించి, కాగితం అంటించి వేశాడు. భగ్గుమని మంట లేచింది. గబగబా చికెన్ గుచ్చిన సీకులు పేర్చాడు.

అందరూ చప్పట్లు కొట్టబోతున్నారు. ఇంతలో గని రెస్క్యూ టీమ్‌లో పదిహేనేళ్లుగా ఉన్న హనుమండ్లు "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరుస్తూ, గోడ పనికి పోయించిన ఇసుకను రెండు తట్టలెత్తి పొయ్యి మీద పోసేశాడు.

"ఏం జేసినవే అన్నా!" అంజికి ఏడుపొక్కటే తక్కువ.

"అలవాటు తమ్మీ," అన్నాడు హనుమండ్లు చేతులు దులుపుకుంటూ. "ఫికర్ జెయ్యకు, మంటైతే మొత్తం ఆరింది."

ఏడుగురు అతిథులు, ఏడు ఆకళ్లు. అంజి వంటింటి గుమ్మంలో నిలబడి "జ్యోతీ, జర..." అన్నాడు. మిగతా మాట అనాల్సిన పని లేకపోయింది. ఇసుక పడని చికెనంతా గ్యాస్ మీద, పెద్ద మూకుడులో రెండు వాయిలుగా వేగింది. ఆ ముక్కలనే మగవాళ్లు సీకులకు గుచ్చి, ఆరిన పొయ్యి మీద పెట్టి ఫోటోలు దిగారు. 'అంజి చేతి బార్బెక్యూ' అని స్టేటస్‌లు పెట్టుకున్నారు. అవి చూసి జ్యోతిరాణికి ఒళ్లు మండింది.

మేమే కడుగుతామన్న మాట కూడా తప్పలేదు. అందరూ శుభ్రంగా చేతులు కడుక్కుని వెళ్లారు!

పొయ్యి మీది జాలీకి నూనె, ఇసుక, బూడిద, మాడిన మసాలా కలిసి గచ్చులా పట్టింది. జ్యోతిరాణి పీచుతో గీకింది, చాకుతో గీకింది. ఎముకలు ఏరింది, వాకిలి కడిగింది, కుర్చీలు తిరిగి ఇచ్చింది. కూలర్‌ను ఒక్కతే లోపలికి లాక్కొచ్చింది.

"సూపర్ అయింది గదా," అన్నాడు అంజి మంచం మీద ఒరుగుతూ. "ఇగ నెలకోసారి పెడదాం. నీకు గూడ రెస్టు దొరుకుతది."

ఆమె కూలర్‌లో మళ్లీ నిండా నీళ్లు పోసుకుంది.

సోమవారం అంజికి మొదటి షిఫ్టు. తెల్లవారి లేచేసరికి వంటింట్లో చప్పుడు లేదు. చాయ్ లేదు, డబ్బా లేదు. జ్యోతిరాణి కూలర్ ముందు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

"ఏమైంది? పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న," అంది కళ్లు తెరవకుండా. "ఆదివారం డ్యూటీ చేసినోళ్లకు తెల్లారి రెస్టు ఇయ్యాల్నని మొన్న యూనియన్ గేటు మీటింగుల మైకు పట్టుకొని మొత్తుకున్నవట గదా. నిన్న నేను డ్యూటీల ఉన్న."

"గది గని పనికి..." అనబోయాడు అంజి.

ఇవతల మంచం మీంచి ఎల్లేశం గొంతు వినబడింది. "చాయ్ పెడుతున్నవా కొడుకా? నాకు జర చక్కెర తక్కువెయ్యి."

గనిలో ఆదివారం పనికి బదులు రెస్టు అడగడానికి యూనియన్ ఉంది, గేటుంది, మైకుంది. వంటింటికి ఇవేవీ లేవు. కాబట్టి అయ్యలారా, తప్పకుండా బార్బెక్యూలు పెట్టండి. పిలిచినా లేవకుండా పడుకోవడం మీ ఇంట్లో ఆవిడ కూడా నేర్చుకుంటుంది.