పెరీనా బాల్కనీలో గళ్ళ గుడ్డ

“ఈ ద్వీపంలో ఇకమీదట నా కంట పడకుండా ఏ నేరమూ జరగదు,” అని బార్తుల్ నా సెలూన్ కుర్చీలో, సగం గడ్డం నురగలో ఉండగా ప్రకటించాడు. ముప్ఫై ఏళ్ళు ఫెర్రీ టికెట్లు చింపి రిటైరైన మనిషి. ఆ చింపుడులోనే తనకు అపరాధ పరిశోధన అబ్బిందంటాడు.

నేను కిటికీలోంచి, దుయామ్ కాపలా కాసే రేవు ఆఫీసు వైపు చూశాను. “దుయామ్ అప్పుడే జెండా ఎగరేశాడు. ఏడైనట్టుంది.”

బార్తుల్ లేచి కూర్చున్నాడు. “ఎగరేశాడా? ఎవరి జెండా?”

“రేవు జెండా.”

“కాపలా ఉన్నవాడే ఎగరేసుకుపోయాడన్నమాట.”

“స్తంభం పైకి ఎగరేశాడయ్యా.”

అప్పుడు చూశాడు. జాతీయ జెండా కింద నిలువునా సగం పసుపు, సగం నీలంగా ఇంకో చిన్న జెండా. కాసేపటికి ఎదురుగా బేకరీ పైన, దాన్ని నడిపే పెరీనా బాల్కనీలో నీలం తెలుపు గళ్ళ గుడ్డ వేలాడింది.

“నవంబరు నుంచీ రోజూ ఇంతే,” అన్నాను.

బార్తుల్ కోటు జేబులోంచి ఓడల సంకేత జెండాల పుస్తకం తీశాడు. “పసుపు నీలం అంటే ‘నీతో మాట్లాడాలి’. గళ్ళంటే ‘కాదు’. విన్కో, ఇది దొంగసరుకు ముఠా. సరుకు దించమంటావా అని వాడు, వద్దని ఆవిడ.”

“ఆర్నెల్లుగా వద్దంటూనే ఉందా?”

“జాగ్రత్తగల ముఠా.”

నురగ మొహంతోనే వెళ్ళి రేవు ఆఫీసు కిటికీ తట్టాడు. వెనకే నేను. దుయామ్ అరవై దాటిన బ్రహ్మచారి. యూనిఫాం గుండీలు తోమడం తప్ప వేరే వ్యసనం లేదు.

“ఆ గుడ్డ ఎందుకు వేలాడదీశావు?”

“గుడ్డ కాదు, జెండా. దాన్ని వేలాడదీయరు, ఎగరేస్తారు,” అన్నాడు దుయామ్. చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ మూసేశాడు.

“చూశావా, నేరం చెవుల్లోకి ఎక్కింది. ఇక సాక్ష్యాధారం స్వాధీనం చేసుకోవాలి,” అని నా స్టూలు మోసుకొచ్చి బేకరీ గోడకి వేశాడు.

“వద్దు బార్తుల్, ఆవిడ చేతిలో రొట్టెల కర్ర ఉంటుంది.”

వినలేదు. స్టూలెక్కి, ఎత్తు తక్కువ బాల్కనీ ఊచల్లో ఒక కాలు దూర్చి గళ్ళ గుడ్డ లాగాడు. గుడ్డ వచ్చింది, స్టూలు పోయింది. ఆ కాలు ఊచలకి తగులుకుని తలకిందులై, చేతికందిన తాడు పట్టుకున్నాడు. అది శరదృతువులో చుట్టి కట్టేసిన బేకరీ ఎండ పరదా తాడు. పరదా జరజరా విప్పుకుంది. నీలం, తెలుపు, ఎరుపు, తెలుపు, నీలం. ఐదు అడ్డచారలు.

అవతల రేవు ఆఫీసు తలుపు దఢాలున తెరుచుకుంది. దుయామ్ టోపీ చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

పెరీనా రొట్టెల కర్రతో బయటికి వచ్చింది.

“పెరీనా గారూ, మీరు అవునన్నారు,” అన్నాడు దుయామ్, ఆయాసపడుతూ.

“నేనేమన్నాను?”

ఆయన పరదా వైపు చూపించాడు. “ఐదు చారలంటే ‘అవును’. ఇన్నాళ్ళూ గళ్ళతో కాదన్నారు కదా.”

పెరీనా కర్ర కిందికి దించింది. “అది మా టేబుల్ గుడ్డ. రోజూ ఉతికి ఆరేస్తాను. మీదేమో తువ్వాలు అనుకున్నాను.”

“జెండా అండీ.”

“మాట్లాడాలని ఉంటే నలభై అడుగులు నడిచి రావచ్చుగా.”

“కాదన్నారని…” ఆయన గుండీ ఒకటి చేత్తో రుద్దాడు. “రోజూ సాయంత్రం దించేసేవాణ్ణి. పొద్దున్నే మళ్ళీ ఎగరేయకుండా మనసు ఊరుకునేది కాదు.”

పెరీనా చెంపకంటిన పిండి తుడుచుకుంది. “లోపలికి రండి. కాఫీ చల్లారిపోతుంది.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది.

తలకిందులుగా వేలాడుతున్న బార్తుల్ గంభీరంగా అన్నాడు: “రాసుకో విన్కో. ముఠా ఇద్దరూ లొంగిపోయారు.”