వాసన పోయిన ఎండుచేపలు

2005లో ఒక ఆదివారం ఉదయం సుకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి వెళ్లేలోగా, ఇంటి ఓనరమ్మ కనకరత్నంగారి ఎండుచేపల గదిలో తన మిషన్ ఒకసారి ఆన్ చేసి చూసుకోవాలి. అతడు ఉండేది ఏలూరులో, పని తాడేపల్లిగూడెంలో ఫిజిక్స్ లెక్చరర్‌గా. మూడేళ్లుగా ప్లాస్మా మీద పరిశోధన చేస్తున్నాడు. "అంతా బాగానే ఉందయ్యా, దీనివల్ల జనానికేమిటి ఉపయోగం? అది చూపించకపోతే ప్రాజెక్టు ఆపేస్తాను" అని ప్రొఫెసర్ పాపారావుగారు తేల్చేశారు. చూడ్డానికి ఆ సాయంత్రమే ఏలూరు వస్తున్నారు.

ఉపయోగమంటారా, అది సుకుమార్ అద్దెకుంటున్న మేడ కిందే ఉంది. గట్టి కరెంటుతో గాలిని చీలిస్తే ప్లాస్మా అవుతుంది. దాన్నుంచి పుట్టే ఓజోన్ ఎంతటి వాసననైనా తినేస్తుంది. మెట్ల మీద కంపు తగ్గితే కోడలి తరఫువాళ్లు ముక్కు మూసుకోకుండా వస్తారని కనకరత్నంగారూ సరేనన్నారు.

తలుపు మూసి స్విచ్ వేశాడు. కిటికీ సందులోంచి ఊదారంగు వెలుగు కనిపించింది. గంట తర్వాత తలుపు తీస్తే గదిలో వాసన పిసరంత లేదు. రోజూ గుమ్మంలో కాపుకాసే పిల్లి కూడా ఓసారి మూతి పెట్టి చూసి, పక్కింటికి వెళ్లిపోయింది. సుకుమార్‌కి పట్టరాని ఆనందం వేసింది.

సరిగ్గా అప్పుడే సరుకు కొనడానికి జంగారెడ్డిగూడెం నుంచి రామకోటి దిగాడు. ఎండుచేపల బేరం ఎవరూ కళ్లతో చెయ్యరు. అలవాటుగా కళ్లు మూసుకుని, గుప్పెడు చేపలు ముక్కుకి ఆనించి, చటుక్కున కళ్లు తెరిచాడు.

"వాసనేదండీ?"

"తీసేశామండీ" అన్నాడు సుకుమార్ గర్వంగా.

"తీసేశారా! ఏం మందు కొట్టారండీ బాబూ?"

"మందు కాదండీ, కరెంటు."

"ఓరి నాయనో! కరెంటు పెట్టి చంపిన చేపలాండీ? కొల్లేట్లో అలా పడితే జైల్లో పెడతారండీ!"

ఆ కేక వీధి చివరిదాకా వినబడింది. రామకోటి సంచీ దులుపుకుని నడిచాడు. ఎదురింటివాళ్లు అరుగుల మీదికొచ్చి నిలబడ్డారు.

"ఏవండీ మాస్టారూ, మీ చదువు సంగతి నాకు తెలీదు. నా వాసన నాకు తెచ్చిచ్చెయ్యండి" అన్నారు కనకరత్నంగారు.

సుకుమార్, అతడి భార్య ఏంజెల్ చర్చి మాట మరిచిపోయారు. రిక్షాలో బజారంతా తిరిగి, వాసన ఘాటెక్కిన ఉప్పుచేపల గంపలు అరువు తెచ్చి గదిలో దించారు. పిల్లి తిరిగొచ్చింది. సాయంత్రానికి రామకోటినీ బతిమాలి తెచ్చారు. బేరం కుదురుతుండగా పాపారావుగారు వచ్చి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేనటయ్యా నువ్వు పోగొట్టిన వాసన?"

"ఇప్పుడే చూపిస్తానండీ" అంటూ సుకుమార్ మిషన్ వైపు కదిలాడు. కనకరత్నంగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందనుకుని అతడికి ఏడుపొచ్చినంత పనైంది.

"దాని జోలికెళ్తే ఊరుకోనండీ! పొద్దున్న గదంతా ఊడ్చేసిందండీ, మాయదారి మిషను!" అన్నారావిడ.

"ముక్కులో పెట్టుకున్నా చేపో చెక్కో తెలీలేదండయ్యా" అని రామకోటి వంతపాడాడు.

పాపారావుగారు రుమాలు తీశారు. "వీళ్లు నీ చుట్టాలా?"

"కాదండీ. పొద్దుట్నుంచీ నన్ను తిడుతున్నారండీ."

"అయితే నమ్మొచ్చు."

అలా ప్రాజెక్టుకి ఇంకో రెండేళ్ల గడువొచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యడానికి మాత్రం కనకరత్నంగారు ఒకటో తారీఖు దాకానే ఇచ్చారు.