కొమరోలులో బంధుత్వ మేళా

"ఈ మండలంలో నా అన్నవాళ్లు లేని మనిషి ఉండటానికి వీల్లేదు. ఉంటే అది నా రాజకీయ జీవితానికే అవమానం!" అని పార్టీ మండల కన్వీనర్ కాటమరాజు గారు కొమరోలులో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. వచ్చిన విలేకరులు ఇద్దరే. అయినా మైకు పెట్టించారు. మైకు లేకుండా మాట్లాడితే ఆయన మాట మీద ఆయనకే నమ్మకం కుదరదు.

ఇంత గొప్ప ప్రకటనకు కారణం యేసుబాబు. ఆటో నడుపుకుని బతికే యేసుబాబుకి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. కొత్తది పెట్టకపోతే మనిషి దక్కడని కర్నూలు డాక్టర్లు చెప్పేశారు. కిడ్నీ నేనిస్తానని తల్లి జ్ఞానమ్మ ముందుకొచ్చింది. ఆపరేషన్ ఖర్చు కోసం భార్య స్టెల్లా ఫోన్లోనే క్రౌడ్ ఫండింగ్ మొదలుపెట్టింది. చర్చి వాళ్లు, కనిగిరి వాళ్లు, బెంగళూరు ఉద్యోగాల వాళ్లు, ఎక్కడో పంజాబ్‌లో ఉన్న ఒక సర్దార్జీ, అందరూ తలా కొంచెం వేశారు. యేసుబాబు ఖాతాలో ఏడు లక్షలు పడ్డాయి.

డబ్బు చూసి ముందు సంతోషపడింది స్టెల్లాయే, ముందు భయపడిందీ స్టెల్లాయే. ఇంత సొమ్ముకి లెక్క చూపకపోతే ఇన్‌కమ్‌టాక్స్ నోటీసు వస్తుందని ఎవరో చెప్పారు. వెంటనే కాటమరాజు గారి ఇంటికి పరుగెత్తింది. ఆ మండలంలో సమస్య పెద్దదైతే కన్వీనర్ దగ్గరికే వస్తారు. అక్కడ అది ఇంకా పెద్దదవుతుంది.

ఆయన ఆమెను కారెక్కించుకుని మార్కాపురంలో ఆడిటర్ రాజేష్ దగ్గరికి తీసుకుపోయారు.

"బయటోళ్లు ఊరికే ఇచ్చింది ఏడాదిలో యాభై వేలు దాటితే రిటర్నులో చూపించాల. పన్ను గూడా పడొచ్చు," అన్నాడు రాజేష్. "వైద్యం కాగితాలన్నీ పెట్టి, ఉన్నదున్నట్టు రాద్దాం."

"ఎవరిస్తే పన్ను లేదు?"

"దగ్గరి బంధువులిస్తే లేదన్నా."

కాటమరాజు గారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆలోచన వచ్చినప్పుడు ఆయన చేతులు ఖాళీగా ఉండాలి.

"మా మండలంలో బంధువు కానోడు ఎవడున్నాడబ్బా? బస్సు కండక్టర్ని బావా అంటాం. తాసిల్దారును మామా అంటాం."

"చట్టం ఆ వరసలు ఒప్పుకోదన్నా. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, మేనత్తలు, చిన్నాన్నలు, పెదనాన్నలు, ఇట్ల ఉండాల. చిన్నాన్న కొడుకు గూడా లెక్కలోకి రాడు."

"చిన్నాన్న కొడుకు బంధువు కాడా! ఈ చట్టం రాసినోడిది ఏ ఊరు? సరే, నువ్వు నన్ను అన్నా అంటున్నావు గదా, మరి నేను నీకేమైతా?"

"ఫీజు ఇచ్చేదాకా ఏమీ కావన్నా."

స్టెల్లా నెమ్మదిగా అంది, "ఉన్నదున్నట్టు రాసి, పన్ను పడితే కడతాం సార్. ఆపరేషనుకు తక్కువ పడతాయేమోనని, అదే నా భయం."

"నువ్వూరుకో చెల్లెమ్మా. నేనుండగా నిజం రాయాల్సిన ఖర్మ నీకేంది?"

ఆదివారం కల్యాణ మండపంలో బంధుత్వ మేళా జరిగింది. దాతల పేర్లు మైకులో చదవడం, వరస ఖాయం చేయడం, కాటమరాజు గారు సంతకం పెట్టడం. సర్దార్జీని యేసుబాబుకి పెదనాన్నను చేశారు. తలపాగా ఉంది కాబట్టి పెద్దరికం ఉంటుందన్నారు. బెంగళూరులో నిరుడే ఉద్యోగంలో చేరిన ప్రియదర్శిని మేనత్త అయింది. చిన్నాన్న కొడుకులందరికీ సొంత అన్నదమ్ములుగా ప్రమోషన్ ఇచ్చారు. ఇంత పెద్ద కుటుంబాన్ని ఒక్క పూటలో నిలబెట్టడం సామాన్యుల వల్ల కాదు.

చివరికి ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"నేనిచ్చింది ఐదొందలే కావచ్చు. కానీ యేసుబాబు నా సొంత తమ్ముడు! మా ఇద్దరిదీ ఒకే రక్తం!"

చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో ఉన్న ఆయన తల్లి వెంకటసుబ్బులమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఒరే కాటమా! మీ నాయన పోయి పదేండ్లాయె. ఇప్పుడు ఆయన మీద ఈ నింద ఏందిరా?"

"ఇది ఇన్‌కమ్‌టాక్స్ వరకేనమ్మా, కూర్చో!"

"నాకు గూడా చెప్పు నాయనా," అంటూ జ్ఞానమ్మ లేచింది. "ఈమె ఇంటాయన పేరు పోతాందా, మా ఇంటాయన పేరు పోతాందా?"

మర్నాడు పేపర్లో 'ఇద్దరిదీ ఒకే రక్తం' అని ఫొటోతో వచ్చింది. కాటమరాజు గారు దాన్ని లామినేషన్ చేయించి హాల్లో తగిలించారు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున ఆయన పళ్లు తోముకుంటుంటే జ్ఞానమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడింది. చేతిలో అదే పేపరు ముక్క.

"నాకు షుగరు ఉందంట నాయనా, నాది పనికిరాదన్నారు. స్టెల్లాది కలవలేదు. తోబుట్టువుదైతే బాగా కలుస్తాదంట. అన్నదమ్ములు ఉన్నారా అని డాక్టరు అడిగినాడు."

"పాపం. ఏం చెప్పినావు?"

"ఉన్నాడు, పేపర్లో గూడా పడిందని చెప్పినా."

కాటమరాజు గారి బ్రష్షు ఆగిపోయింది. నోట్లో నురగ ఉమ్మేసి, రోడ్డు మీద ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశారు.

"అది... పన్ను వరకే గదా పెద్దమ్మా."

"పన్ను ఎట్లనో కట్టుకుంటాం నాయనా. నా బిడ్డ బతకాల." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నిన్ను అడగాలంటే సిగ్గుగానే ఉంది. కానీ నాకింకెవురున్నారు? మధ్యాన్నం బస్సుకి పోదాం. రేపు పొద్దున రక్తపరీక్ష ఒక్కటే."

నమ్మి అడిగిందో, దారి లేక అడిగిందో చెప్పడం కష్టం. ఆయన తల ఊపారు. ఏ వైపుకి ఊపారన్నది ఆమె అదృష్టానికి వదిలేశారు.

పావుగంటలో కారు మార్కాపురం దారి పట్టింది.

"రాజేష్, ఆ బంధుత్వాలన్నీ కొట్టెయ్. యేసుబాబెవరో నాకు తెలియదు."

"సర్దార్జీ పెదనాన్నను గూడానా?"

"అందర్నీ! ఒక్కడు మిగిలినా నా పేరు బయటికొస్తాది. పన్ను ఎంతైతే అంత రాయి, నేనే కడతా."

రాజేష్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సొంత డబ్బా అన్నా?"

"సొంతమే," అన్నారు కాటమరాజు గారు. డబ్బు విషయంలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

మధ్యాహ్నం బస్సులో జ్ఞానమ్మ పక్క సీటు మీద తువ్వాల వేసి కూర్చుంది. యేసుబాబు కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. బస్టాండు ఎదురుగా కార్యకర్తలు నిచ్చెన వేసి కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు.

"ఈ సీటు ఎవురిది పెద్దమ్మా?" కండక్టర్ అడిగాడు.

"మా పెద్దోడిది నాయనా. వస్తన్నాడు. ఒక్క నిమిషం ఆపు."

వెనక సీట్లోంచి స్టెల్లా ఫ్లెక్సీ వైపు చూసింది. 'ముక్కూమొహం తెలియని పేదవాడి పన్ను తానే కట్టిన మహనీయుడు కాటమరాజన్నకు జేజేలు' అని ఉంది. ఆమె అత్తకు చదివి వినిపించలేదు. సీటు మీది తువ్వాల తీసి, మడిచి ఒళ్లో పెట్టుకుని, నిలబడ్డవాళ్లలో ఒక ముసలాయనను కూర్చోమంది.