‘వర్’ రక్షణ పర్వము

మధ్యాహ్నమార్తాండుడు కిటికీ ఊచల నడుమ నుండి కిరణశరపరంపరలను బల్లపై కురిపించుచుండగా, తలపై ఫ్యాను కిర్రుకిర్రుమని రణభేరి మ్రోగించుచుండగా, అచ్చుతప్పులకు యముడు, కామాలకు కాపరి, ప్రూఫ్‌రీడర్లలో పులి అయిన అల్లుడు ఎర్రకలమనే ఖడ్గమును జేబునుండి దూసెను. ఎదుట అత్తగారు కూర్చుండిరి. స్వర్గస్థులైన భర్తను గూర్చి వారు ఇంగ్లీషులో రచించిన పుస్తకము సాయంకాలమునకు అచ్చుకు పోవలెను. మిగిలినది ఒక్క వాక్యము:

‘మై హజ్బెండ్ వర్ నెవర్ లేట్.’

“అత్తయ్యగారూ, మామయ్యగారు ఒక్కరే కదండీ. ఇంగ్లీషులో ఒక్కరికైతే ‘వాజ్’ రావాలి.”

ఆ వచనము చెవి సోకినంతనే ఆ మానధన కళ్ళజోడును కిరీటమువలె నుదుటికెత్తి ఇట్లు గర్జించిరి:

“ఇన్నేళ్ళూ ‘మావారు’ అన్నాను గానీ ‘మావాడు’ అన్నానా? మీ ‘వాజ్’ వింటుంటే ‘వాడు’ అన్నట్టే ఉంది. ‘వర్’ అంటే మన ‘వారు’ లాగే లేదూ? పోయిన మనిషిని ఏకవచనంలో పడేస్తే నా నోరు పడిపోతుంది. అంతగా అయితే అసలు పుస్తకమే వద్దు, అల్లుడుగారూ!”

‘వర్’ ఉంచినచో లోకము అత్తగారిని చూచి నవ్వును. తీసినచో పుస్తకమే లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సకలవ్యాకరణపారావారపారంగతుడైన ఆ ధీరుడు గోళ్ళు కొరుకుకొనెను. పిమ్మట రెండవ అస్త్రము సంధించెను.

“పోనీ, ‘మై హజ్బెండ్ అండ్ ఐ’ అందామండీ. మీరూ కలిస్తే ఇద్దరు. ‘వర్’ నిక్షేపంగా ఉంటుంది.”

“నేనా? నేనెప్పుడు టైముకి బయల్దేరాను? అబద్ధం రాయమంటారా? నేను తల దువ్వుకుని వచ్చేసరికి ఆయన గుమ్మంలో ఉండేవారు. ఎండైనా వానైనా సరే, ఆయనా ఆ గొడుగూ ఎప్పుడో సిద్ధం.”

గొడుగు! తలుపు వెనుక మేకునకు నేటికిని వ్రేలాడుచున్న ఆ నల్లని ఆయుధముపై అల్లుని దృష్టి పడెను. సింహనాదమొనర్చి, కలము ఝళిపించి, రెప్పపాటున వాక్యమును దిద్దెను:

‘మై హజ్బెండ్ అండ్ హిజ్ అంబ్రెల్లా వర్ నెవర్ లేట్.’

అత్తగారు చదివిరి. మరల చదివిరి. ఫక్కున నవ్విరి, నవ్వుచునే కన్నులు తుడుచుకొనిరి.

“అచ్చం ఆయనే,” అనిరి.

ఇట్లు దుర్నివారమైన ఏకవచనసైన్యము ఒక పాత గొడుగు దెబ్బకు చెల్లాచెదరయ్యెను. ‘వర్’ నిలిచెను. వారి మర్యాద నిలిచెను. అల్లుడు కాగితములు చంకనిడి ప్రెస్సుకు బయలుదేరుచుండగా వెనుకనుండి పిలుపు వినవచ్చెను.

“ఎండ మండిపోతోంది, ఆ గొడుగు పట్టుకెళ్ళండి. లేటవ్వరు.”

అంతట ఆ విజేత గొడుగు విప్పి, బహువచనమై వీధిలోనికి వెడలెను.